క్రైస్తవ విశ్వాసంలో ఓర్పు అంటే నోరు మూసుకుని భరించడమేనా?

నా లెక్కన కాదు. బైబిల్లోని యాకోబు పత్రిక (ఉత్తరం) 5వ అధ్యాయం ఓపికకు ఉదాహరణగా తొలకరి, కడవరి వానల కోసం ఎదురుచూసే రైతును చూపిస్తుంది. పాలస్తీనాలో తొలకరి అక్టోబరు, నవంబరుల్లో పడుతుంది, కడవరి వాన మార్చి, ఏప్రిల్‌లో. ఈ నడుమ రైతు ఖాళీగా కూర్చోడు. దున్నుతాడు, విత్తుతాడు, కలుపు తీస్తాడు. వాన మాత్రం తన చేతిలో లేదని అతనికి తెలుసు.

అదే అధ్యాయం ఆస్తినీ, పిల్లల్నీ, ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబు సహనాన్నీ గుర్తుచేస్తుంది. ఆ యోబే బైబిల్లో తన పేరిట ఉన్న గ్రంథం 3వ అధ్యాయంలో పుట్టిన దినాన్ని శపించుకున్నాడు! అంటే దేవుని ముందు ఏడవడం, ఎందుకని అడగడం ఓర్పులేనితనం కాదు.

మనుషులతో వ్యవహారమే అసలు కష్టం. బైబిల్లోని గలతీ పత్రిక 5:22 ప్రకారం దీర్ఘశాంతం, అంటే ఎదుటివారిని ఓపికగా సహించడం, ఆత్మఫలంలో (పరిశుద్ధాత్మ మనలో పండించే గుణాల్లో) భాగం, రాత్రికి రాత్రి కాయదు. నేనైతే కోపంలో టైప్ చేసిన మెసేజ్‌ని తెల్లారేదాకా పంపను. చాలావరకు డిలీట్ అయిపోతాయి.