టెంటు డబ్బులు నగదుగా ఇవ్వొచ్చా?

ప్రశ్న: మా బావ వచ్చేసారి అసెంబ్లీకి స్వతంత్రంగా నిలబడాలనుకుంటున్నాడు. ఖర్చు లెక్కలు నన్ను చూడమంటున్నాడు. షామియానా వాళ్లకు రెండుసార్లు ఆరేసి వేలు చేతికిస్తే తప్పా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: తప్పే. ప్రచారం మొత్తం మీద ఒకే వ్యక్తికి, లేదా ఒకే సంస్థకు ఇచ్చే నగదు 10,000 రూపాయలు మించకూడదు. 2018 నవంబరుకు ముందు ఇది 20,000; ఆ పాత అంకె నమ్ముకునే చాలామంది దొరికిపోతారు. మీ ఆరూ ఆరూ కలిపితే 12,000. చెక్కు ఇవ్వండి, లేదా ఖాతాలో వేయండి.

నామినేషన్‌కు కనీసం ఒకరోజు ముందే ఎన్నికల ఖర్చుకని విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి. సొంత డబ్బయినా అందులో వేసే ఖర్చుపెట్టాలి. ఖర్చులు రాసే రిజిస్టరులో తెల్ల కాగితాలు రోజువారీ ఖర్చుకు, గులాబీవి నగదుకు, పసుపువి బ్యాంకుకు. ఏ రోజుది ఆ రోజే రాయండి. ప్రచారంలో కనీసం మూడుసార్లు తనిఖీకి చూపించాలి. అధికారులు మీ సభల వీడియోలు చూసి వేరే లెక్క రాసుకుంటారు, కుర్చీలు తగ్గించి రాస్తే అక్కడే తేలిపోతుంది.

అసెంబ్లీ అభ్యర్థి మొత్తం ఖర్చు పరిమితి 2022 జనవరిలో 28 లక్షల నుంచి 40 లక్షలకు పెరిగింది. ఫలితం వచ్చిన 30 రోజుల్లోగా బిల్లులతో సహా లెక్క జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. ఓడిపోయాం కదా అని వదిలేయకండి, సరైన కారణం లేకుండా ఇవ్వకపోతే మూడేళ్లు అనర్హత వేస్తారు.