నీ గ్రహణాల వ్యాసం గురించి

అమ్మాయీ,

నీ వ్యాసం చదివాను. "భూమి అక్షం 23.5 డిగ్రీలు వంగి ఉంటుంది" అని మొదలెట్టావు. నిజమే, కానీ ఆ మాట అందరూ బడిలో చదివి మరిచిపోయిందే. దాన్ని ఎండలోకి తీసుకురా. హైదరాబాదులో మే 9 ప్రాంతంలో, మళ్ళీ ఆగస్టు 3 ప్రాంతంలో, పన్నెండుంబావు వేళకి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారుగా పాతిన మీటరు కర్రకి నీడే ఉండదు. జూన్ 21న ఆ నీడ పది సెంటీమీటర్లు దక్షిణానికి పడుతుంది. డిసెంబరు 21కి ఉత్తరంగా దాదాపు 86 సెంటీమీటర్లు సాగుతుంది. ఎండ ఏటవాలుగా పడి, పగలు కురచైతే చలికాలం. ఇంతకంటే నిర్వచనం అక్కర్లేదు.

సూర్యుడికి దగ్గరైతే ఎండాకాలం అనుకునేవాళ్ళు ఇప్పటికీ బోలెడుమంది. వాళ్ళతో వాదించకు. మనం భోగిమంటలకి పిడకలు పోగేసే రోజుల్లోనే, జనవరి మొదటివారంలో, భూమి సూర్యుడికి అతి దగ్గరగా, 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటుందని చెప్పు. జూలైలో ఆ దూరం 15.2 కోట్లు.

చంద్రకళల దగ్గర మాత్రం కాలు జారావు. భూమి నీడ వల్ల చంద్రుడు తరగడు. శుద్ధ అష్టమి సాయంత్రం మేడెక్కి చూడు: సూర్యుడు పడమట దిగుతుంటాడు, సగం చంద్రుడు నడినెత్తి దాపున ఉంటాడు. భూమి నీడేమో తూర్పుకి పోతోంది. అది చంద్రుడి మీదికెలా వస్తుంది? చంద్రుడిలో సగం ఎప్పుడూ వెలుగులోనే ఉంటుంది, అందులో మనవైపు తిరిగినంతే మనకి కనిపిస్తుంది. కథలూ రాస్తానన్నావు కాబట్టి ఇంకోటి: వినాయక చవితి అర్ధరాత్రి వెన్నెల కురిపించకు. ఆ చంద్రుడు తొమ్మిది ప్రాంతానికే అస్తమిస్తాడు.

ప్రతి అమావాస్యకీ గ్రహణం ఎందుకు రాదన్న ప్రశ్నని ఒక్క వాక్యంతో దాటేశావు. వ్యాసానికి ప్రాణం అక్కడే ఉంది. చంద్రుడి దారి సూర్యుడి దారికి 5 డిగ్రీలు వాలి ఉంటుంది. చంద్రబింబం ఆకాశంలో అర డిగ్రీ. అంటే పది బింబాలంత పైకో కిందకో తప్పుకుని పోగలడు. ఆ రెండు దారులూ కలిసే చోట్ల దగ్గర అమావాస్య పడితేనే సూర్యగ్రహణం. ఆ చోట్లనే మన సిద్ధాంతులు రాహుకేతువులన్నారు. నువ్వు వేసిన బొమ్మలో భూమి, చంద్రుడు భుజాలు రాసుకుంటున్నారు. నిజానికి మధ్యలో ముప్పై భూములు పడతాయి. ఆ బొమ్మ చూస్తే ఎవరికైనా నెలనెలా గ్రహణం రావాలనే అనిపిస్తుంది, తీసెయ్.

దాని బదులు 1980 ఫిబ్రవరి 16 గురించి రాయి. ఆ మధ్యాహ్నం సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగు నేల మీదుగా సాగింది. జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రవేత్తలు దుర్భిణీలు గురిపెట్టుకుని ఉంటే, ఊళ్ళలో చాలామంది తలుపులు బిగించుకుని కూర్చున్నారు. బయటికొచ్చి చూసినవాళ్ళు నల్లగొండ, ఖమ్మం వైపు ఇంకా ఉన్నారు. వెళ్ళి అడుగు, పక్షులేం చేశాయో, పశువులేం చేశాయో వాళ్ళ మాటల్లోనే రాసుకో. రెండో ప్రతి దాంతోనే మొదలుపెట్టి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు