పెద్ద కారు కొనబోతున్న మా అమ్మలుకి

చిరంజీవి అమ్మలుకి పెదనాన్న దీవెనలు.

నిన్న సాయంత్రం మీ నాన్న ఇక్కడ జయపురంలో నా షెడ్డుకి వచ్చాడు. టీ తాగుతూ, "అమ్మాయి విశాఖ వెళ్లి బెంజ్ చూసొచ్చింది అన్నయ్యా. అరవై లక్షలట. లోను కూడా వచ్చేస్తుందట" అన్నాడు. గ్లాసు కింద పెట్టి నా మొహం వంక చూస్తూ కూర్చున్నాడు. ఏమనాలో నాకు వెంటనే తోచలేదు. స్పానర్ ఏదో వెతుక్కుంటున్నట్టు లోపలికి వెళ్లిపోయాను.

నాకు గర్వంగా లేదని అనుకోకు. ఈ షెడ్డులో, ఇదే బల్ల మీద కూర్చుని ఎమెరీ పేపరుతో స్పార్క్ ప్లగ్గులు రుద్దిన పిల్లవి నువ్వు. స్కూలు గౌను నిండా మసి పూసుకుని ఇంటికెళితే మీ అమ్మ నన్ను కేకలేసేది. పది-పదకొండు స్పానర్ అడిగితే పది-పదకొండే తెచ్చేదానివి. నా దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లకి కూడా అంత గుర్తుండేది కాదు. ఆ పిల్ల ఇవాళ రాయగడలో పళ్ల డాక్టరై, సొంత క్లినిక్ పెట్టుకుని, బెంజ్ కొంటానంటోంది. రాత్రి మీ దొడ్డమ్మకి చెబుతుంటే నా గొంతు పట్టేసింది.

అయినా భయం ఆగలేదు. ఫోన్లో చెబితే "సరే పెదనాన్నా, పేషెంట్ వచ్చారు" అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. తీరిగ్గా చదువు.

ముందు లెక్కలు చెప్పేస్తాను. షోరూం ధర 60 లక్షలంటే అందులో 17 లక్షలకు పైగా పన్నే. 2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్ద కార్ల మీద జీఎస్టీ 40 శాతం. ఆ పైన రోడ్డు టాక్స్, ఇన్సూరెన్స్ వేరు. పది లక్షలు దాటిన కారు కాబట్టి ఒక శాతం టీసీఎస్, అంటే నీ పేరున ముందుగా కట్టే ఆదాయపన్ను, కూడా వసూలు చేస్తారు. అది మాత్రం మర్చిపోకుండా రిటర్న్‌లో చూపించుకో, నీ డబ్బే. 50 లక్షల అప్పు 9 శాతం వడ్డీకి ఏడేళ్లు కడితే నెలకి 80 వేల చిల్లర, మొత్తం 67 లక్షలన్నర. ఇన్సూరెన్స్ వాళ్ల పట్టికలోనే కారుకి ఏడాది దాటగానే 20 శాతం, రెండేళ్లు దాటితే 30, నాలుగు దాటితే 50 శాతం విలువ కోసేస్తారు. నీకింకా రెండేళ్ల పైన కిస్తీలు మిగిలి ఉండగానే 60 లక్షల కారు కాగితం మీద 30 లక్షలకి దిగిపోతుందన్నమాట. బయట అమ్మబోతే అంత కూడా ఇవ్వకుండా బేరమాడతారు. నేను దగ్గరుండి అమ్మించిన బళ్లలో ఎన్ని చూశానో.

ఆడిటర్ గారు "క్లినిక్ పేరు మీద కొంటే టాక్స్ కలిసొస్తుంది" అన్నారట కదా. నిజమే. కానీ నువ్వు 30 శాతం శ్లాబులో ఉన్నావనుకో, కారు విలువ తగ్గిందని ఖర్చు కింద రూపాయి తరుగుదల చూపిస్తే ముప్పై పైసలు పన్ను తగ్గుతుంది. మిగతా డెబ్బై పైసలూ నీ జేబులోంచి పోయినవే. క్లినిక్‌లో ఆ రెండో చైర్ అప్పు ఇంకా తీరలేదని మీ నాన్నే చెప్పాడు.

ఆ కార్లు మంచివి కావని నేననను. నలభై ఏళ్లుగా బళ్ల కింద పడుకుని పని చేసిన వాణ్ణి, మంచి పని కనిపిస్తే దండం పెడతాను. తలుపు వేస్తే వచ్చే ఆ మెత్తటి చప్పుడు, గంటకి నూటపది మీద బ్రేకు వేసినా పక్కకి లాగని బండి, ఆరు గంటలు కూర్చున్నా నడుం నొప్పి రాని సీటు, ఇవన్నీ నిజమైనవే. ఇవాళ మామూలు బండిలో ఉన్న భద్రత కూడా చాలావరకు ఆ పెద్ద కార్లలో పుట్టిందే. గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఎలక్ట్రానిక్ ఏబీఎస్‌ని బెంజ్ వాళ్లు 1978లోనే తమ ఎస్-క్లాస్‌లో పెట్టారు. మన దేశంలో ప్రతి కొత్త కారుకీ అది తప్పనిసరి అయింది 2019లో. సీటు బెల్టు సంగతీ అంతే. భుజం మీదుగా, నడుం మీదుగా వచ్చే ఈ బెల్టుని 1959లో వోల్వో ఇంజనీరు నీల్స్ బోలిన్ తయారుచేశాడు. కంపెనీ ఆ పేటెంటుని అందరినీ వాడుకోనిచ్చింది. ఇవాళ నా పాత మారుతిలో ఉన్నదీ ఆ బెల్టే.

అందుకే "బుజ్జిగాడి సేఫ్టీ కోసం" అన్నావట, ఆ మాట నేను ఒప్పుకోను. 2018లోనే మన టాటా నెక్సాన్ కార్లని గుద్దించి చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఐదు స్టార్లు తెచ్చుకుంది. మన దేశంలో తయారైన కార్లలో అదే మొదటిది. ఆ తరవాత ఇంకా చాలా వచ్చాయి. సేఫ్టీయే కావాలంటే ఇరవై లక్షల లోపే దొరుకుతుంది. మిగతా నలభై లక్షలు దేనికి పెడుతున్నావో నీకు నువ్వు నిజంగా చెప్పుకో.

డీజిల్ మాత్రం వద్దు తల్లీ. ఇంటి నుంచి క్లినిక్కి నీకు మూడు కిలోమీటర్లు. ఇప్పటి పొగ నిబంధనల (బీఎస్-6) డీజిల్ బండికి పొగ గొట్టంలో డీపీఎఫ్ అని ఒక ఫిల్టర్ ఉంటుంది. మసి అందులో చేరుతుంది. ఇంజన్ బాగా వేడెక్కి కాసేపు ఒకే వేగంతో పరిగెడితేనే ఆ మసి కాలిపోతుంది. రోజూ మూడు కిలోమీటర్లు తిప్పితే అది కాలదు, మూసుకుపోతుంది, డాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది. ఫిల్టర్ మార్చాలంటే బిల్లు చూసి కళ్లు తిరుగుతాయి.

టైర్లు కూడా చూసుకో. పెద్ద బ్రాండ్లలో చాలా బళ్లకి ఇప్పుడు స్టెప్నీ ఉండటం లేదు. రన్‌ఫ్లాట్ టైర్లు ఇస్తారు. గాలి పోయినా గంటకి 80 మించకుండా ఒక 80 కిలోమీటర్ల దాకా వెళ్లొచ్చంటారు. టైరు పక్కన కోసుకుపోతే ఆ మాట నిలబడదు. లక్ష్మీపూర్ దాటాక వానాకాలంలో గోతులు ఎలా ఉంటాయో నీకు తెలుసు. సన్న పట్టీ లాంటి టైరుతో అందులో దిగితే రిమ్ కూడా వంగుతుంది. ఆ సైజు టైరు రాయగడలో ఏ కొట్లో దొరుకుతుందో కొనకముందే వాకబు చెయ్యి.

ఇక అసలు సంగతి. ఇది మీ నాన్న నీకు ఎప్పుడూ చెప్పి ఉండడు. నేనూ చెప్పలేదు.

అది 2000వ సంవత్సరం. నీకప్పుడు ఆరేళ్లు. నాకు ఒక అంబాసిడర్ టాక్సీ ఉండేది, చాలా మంచి బండి. ఒకరోజు గెస్ట్‌హౌస్ నుంచి కబురొస్తే వెళ్లాను. హైదరాబాదు నుంచి వచ్చిన పెద్దమనిషి మెట్లు దిగి, బండిని పైనుంచి కిందకి చూసి, "ఇదా?" అన్నాడు. అంతే, ఆ ఒక్క మాటే. ఎక్కకుండా లోపలికి వెళ్లిపోయాడు. ఖాళీ బండి తోలుకుంటూ ఇంటికొచ్చాను. ఆ "ఇదా" అన్న మాట నెల రోజులు నా చెవుల్లో తిరిగింది.

నెల తిరిగేసరికి అంబాసిడర్ అమ్మేశాను. మీ దొడ్డమ్మ నల్లపూసల గొలుసు తాకట్టు పెట్టాను. ఫైనాన్స్ తీసుకుని, రెండేళ్లు వాడిన ఒక విదేశీ కంపెనీ పెద్ద కారు తెచ్చాను. వెండి రంగు. మొదటి వారం రోజూ రెండుసార్లు తుడిచేవాణ్ణి. పాత అంబాసిడర్ రోడ్డు మీద ఆగిపోతే ఒక తీగ ముక్క, ఒక రబ్బరు బద్ద ఉంటే చాలు, ఇంటికి తెచ్చేసేవాణ్ణి. ఈ కారు బానెట్ ఎత్తితే ఇంజన్ మీద నల్లటి ప్లాస్టిక్ మూత, దాని కింద వైర్ల జడ. అప్పుడే నా గుండె ఒకసారి గుబులుమంది. పట్టించుకోలేదు. అందరూ ఆగి చూస్తున్నారు కదా అని మురిసిపోయాను.

ఆరో నెల, వానల్లో, మీ నాన్నకి కడుపునొప్పి వచ్చింది. రెండు రోజులు ఓర్చుకున్నాడు. మూడో రోజు సాయంత్రం ఇక్కడి డాక్టరు చేత్తో నొక్కి చూసి, ఆలస్యం చెయ్యకుండా విశాఖ తీసుకుపొమ్మన్నాడు. వెనక సీట్లో పడుకోబెట్టి, మీ అమ్మ ఒళ్లో తల పెట్టించి బయల్దేరాను. నిన్ను మీ దొడ్డమ్మ దగ్గర వదిలాం. కొరాపుట్ దాటాం, పొట్టంగి దాటాం. సుంకి దాటి ఘాట్ దిగుతుంటే, రెండో పెద్ద మలుపు దగ్గర ఇంజన్ దానంతట అదే ఆగిపోయింది. దగ్గలేదు, ఊగలేదు. స్టీరింగ్ రాయిలా బిగుసుకుపోయింది. హ్యాండ్ బ్రేకు లాగి, కిందకి దూకి, చక్రాలకి రాళ్లు పెట్టాను.

వాన. చీకటి. బానెట్ ఎత్తాను. ఇంటి నుంచి తెచ్చుకున్న స్పానర్ల సంచి నా పక్కనే ఉంది, దేనికి పెట్టాలో తెలీదు. డీజిల్ వస్తోంది. బ్యాటరీ ఉంది. సెల్ఫ్ తిరుగుతోంది, బండి అందుకోదు. అప్పుడు నా భుజం మీదుగా వెలుతురు పడింది. తిరిగి చూస్తే మీ నాన్న. కడుపు ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో నా టార్చి పట్టుకుని నిలబడ్డాడు. "చూడన్నయ్యా, నేను పడతాను లైటు" అన్నాడు. వాడి చెయ్యి వణుకుతుంటే ఇంజన్ మీద ఆ వెలుగూ వణికింది. నాకు చెయ్యడానికి ఏమీ లేదు అమ్మలూ. నలభై ఊళ్ల బళ్లు నా దగ్గరికే తెచ్చేవాళ్లు. నా తమ్ముడు వానలో నిలబడి లైటు పడుతుంటే ఆ ప్లాస్టిక్ మూత వంక చూస్తూ నిలబడ్డాను.

గంట తరవాత విజయనగరం వెళ్లే లారీ ఒకటి ఆగింది. ఆ డ్రైవరు, క్లీనరు కలిసి మీ నాన్నని క్యాబిన్‌లోకి ఎక్కించారు. ఆ డ్రైవరు ఇప్పుడెక్కడున్నాడో, వాడి కాళ్లకి దండం పెట్టాలని ఇప్పటికీ అనుకుంటాను. విజయనగరంలోనే ఆపరేషన్ చేశారు. అపెండిక్స్ అప్పటికే పగిలిపోయిందన్నారు. పదకొండు రోజులు ఉన్నాం.

కారులో పోయింది ఏమిటో తెలుసా? వేలెడంత క్రాంక్ సెన్సర్, ఇంజన్ తిరుగుడుని బండి కంప్యూటర్‌కి చెప్పే ముక్క. వేడెక్కితే సిగ్నల్ ఇవ్వడం మానేసిందట. లాగించుకుని విశాఖ తీసుకెళితే, ఆ ముక్క రావడానికి ఇరవై ఏడు రోజులు పట్టింది. ఆ ఇరవై ఏడు రోజులూ కిస్తీ ఆగలేదు, టాక్సీ ఆగిపోయింది. ఏడాదిలో కారు పోయింది, గొలుసు పోయింది. మీ దొడ్డమ్మ ఇవాళ్టికీ ఆ గొలుసు మాట ఎత్తలేదు. ఎత్తి తిట్టినా బావుండేది.

అప్పుడూ ఇప్పుడూ ఒకటి కాదని నువ్వంటావు. ఒప్పుకుంటాను. ఇప్పుడు కంపెనీలు ఫోన్ చేస్తే బండి లాక్కెళ్లే లారీ పంపుతాయి. కానీ రాయగడ నుంచి విశాఖ దాదాపు రెండు వందల కిలోమీటర్లు. నీ బండికి లాప్‌టాప్ తగిలించి లోపం చదవగలిగేవాడు ఈ కొండల్లో లేడు. నేనూ చదవలేను. లక్ష్మీపూర్, కాకిరిగుమ్మ మధ్య సిగ్నల్ పోయే చోట్లు నీకూ తెలుసు. రాత్రి ఎనిమిదింటికి క్లినిక్ కట్టేసి, వెనక బుజ్జిగాణ్ణి పడుకోబెట్టుకుని నువ్వు జయపురం బయల్దేరతావు చూడు, అది తలుచుకుంటే నాకు టెన్షన్.

ఇంకో మాట మీ నాన్న పొరపాటున నోరు జారాడు. డాక్టర్ల మీటింగులో నీ చిన్న కారు చూసి ఎవరో "ఇంకా ఇదేనా డాక్టర్?" అన్నారట. ఆ మర్నాడే నువ్వు విశాఖ వెళ్లావట. అది విన్నాక నాకు నిన్ను గట్టిగా కోప్పడాలనిపించింది. ఇప్పుడు కోప్పడుతున్నాను కూడా. ఎవడో ఒక మాటంటే అరవై లక్షలు పెట్టి జవాబు చెబుతావా? నీ చేతి పని మీద నమ్మకంతో ముసలాళ్లు గుణుపురం నుంచి బస్సెక్కి వస్తున్నారు. నువ్వు ఏ కారులో దిగావో వాళ్లలో ఒక్కరైనా చూశారా? నేను ఒక "ఇదా" కోసం మంచి బండిని అమ్ముకున్నాను. నిన్ను కూడా ఆ మాటే తోలుతుంటే నేను చూస్తూ ఊరుకోలేను.

కోపం అయిపోయింది. ఏం చేస్తే బావుంటుందో చెబుతాను. రెండో చైర్ అప్పు తీరేదాకా ఆగు. ఈలోగా ఇరవై లక్షల్లో ఐదు స్టార్ల పెట్రోల్ బండి, స్టెప్నీ ఉన్నది, జయపురంలో కాకపోయినా విజయనగరంలోనైనా సర్వీసు దొరికేది తీసుకో. ఇన్సూరెన్స్‌లో జీరో డిప్రిసియేషన్ (ముక్కలు మారిస్తే తరుగు కొయ్యకుండా ఇచ్చేది), ఇంజన్ ప్రొటెక్ట్ (నీళ్ల వల్ల ఇంజన్ పాడైతే ఇచ్చేది) రెండూ వేయించు. వాగులో బండి ఆగితే మళ్లీ సెల్ఫ్ కొట్టకు. ఇంజన్‌లోకి నీళ్లు లాగేస్తుంది.

ఇంత చెప్పినా నీ మనసు ఆ బెంజ్ మీదే ఉంటే, అది నీ కష్టార్జితం, నేను అడ్డుపడను. ఒక్కటి మాత్రం చెయ్యి. టెస్ట్ డ్రైవ్ బీచ్ రోడ్డు మీద ఇస్తామంటే ఒప్పుకోకు. సాలూరు తీసుకొచ్చి సుంకి ఘాట్ ఎక్కించమని అడుగు. ఏ రోజో చెబితే నేనూ వస్తాను, పక్క సీట్లో కూర్చుంటాను. ఆ రెండో మలుపు దగ్గర కాసేపు ఆపుదాం.

మీ నాన్న ఆదివారం వస్తున్నాడు కదా, దొడ్డమ్మ చోడిపిండి, పనస వడియాలు కట్టింది. సంచి అడుగున నా పాత టార్చి కూడా పెట్టాను. కొత్త సెల్లు వేశాను. ఏ కారు కొన్నా అది డాష్‌బోర్డు అరలో ఉంచు. మీ నాన్నని మాత్రం అది ఏ టార్చి అని అడగకు.

మీ పెదనాన్న
జయపురం