కుక్కను కడిగామా, కుక్కకు నీళ్లు పోశామా?

సందేహం: మాది కావలి. బ్రూనో అని ఒక కుక్కను పెంచుకుంటున్నాం. పోయిన ఆదివారం మా అత్తమ్మకు ఫోన్ చేసి "ఇప్పుడే కుక్కకు స్నానం చేయించాను" అంటే, "స్నానం మనుషులకమ్మా, కుక్కను కడిగినానని చెప్పు" అన్నారు. ఆమెది కందుకూరు దగ్గర పల్లె. మా అబ్బాయేమో "బ్రూనోకి నీళ్లు పోశాం, వాడు ఇల్లంతా తడిపేశాడు" అంటాడు. ఈ మూడింట్లో ఏది ఒప్పు? కుక్కను 'వాడు' అనవచ్చా? తడవగానే కుక్క ఒళ్లంతా ఊపి నీళ్లు చిమ్ముతుంది కదా, ఆ పనికి తెలుగులో మాట ఉందా?
(ఒక పాఠకురాలు, కావలి)

సమాధానం: మూడూ ఒప్పేనమ్మా. కానీ ఒకదాని బదులు ఇంకొకటి ఎక్కడపడితే అక్కడ వాడుకునేంత దగ్గరి మాటలు కావు అవి.

ముందు మీ అత్తమ్మగారి మాట చూద్దాం. కందుకూరును 2022లో ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాకు మార్చారు గానీ ఆ పల్లెల మాట అంతకుముందు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. అక్కడ పశువు ఒళ్లు శుభ్రం చేయడమంటే 'కడగడ'మే. కనుమనాడు గిత్తను చెరువులో మోకాళ్ల లోతుకు దింపి, వరిగడ్డి చుట్టతో మూపురం దగ్గర మొదలుపెట్టి డొక్కల దాకా రుద్ది, తోక కుచ్చు నీళ్లలో జాడించి గట్టు మీదికి తోలుకొస్తారు. కన్నబిడ్డతో సమానంగా సాకిన గిత్త అది. అయినా రైతు నోట "ఎడ్లను కడిగినా" అనే మాటే వస్తుంది. అందులో చిన్నచూపేమీ లేదు. కాబట్టి మీ బ్రూనోను ఆమె తక్కువ చేసి మాట్లాడారని మనసులో పెట్టుకోకండి.

అయినా ఆ మాట మీకు కొంచెం గుచ్చుకుని ఉంటుంది. అందుకు కారణం ఉంది. మనుషుల విషయంలో 'కడుగు' ఒళ్లంతటికీ చెల్లదు. కాళ్లు, చేతులు, ముఖం కడుక్కుంటాం. ఒళ్లు మాత్రం రుద్దుకుంటాం. "పిల్లాడికి కడిగి వస్తా" అని తల్లి అంటే వాడు దొడ్డికి కూర్చున్నాడనే అందరికీ అర్థమవుతుంది. "ఆఫీసులో కడిగేశారు" అంటే తిట్లు పడ్డాయని. పల్లెలో వాకిట్లో ఉండే కుక్క పట్నంలో సోఫా ఎక్కింది. పిల్లలతో పాటు పెరిగే ప్రాణి గురించి పిల్లల మాటే వాడాలనిపించడం సహజం. అందుకే మీ నోట 'స్నానం' వచ్చింది. అది తప్పు కాదు.

తప్పు దొర్లేది విభక్తి దగ్గర. "కుక్కను స్నానం చేయించాను" అని ఈమధ్య తరచుగా వినబడుతోంది. అది కుదరదు. 'చేయించు'కు 'స్నానం' కర్మగా ముందే కూర్చుని ఉంది, ఇంకో 'ను'కు అక్కడ చోటు లేదు. "కుక్కకు స్నానం చేయించాను" అనాలి. మీరు సరిగ్గా అలాగే అన్నారు. 'కడుగు' దీనికి తిరగేసి ఉంటుంది: "కుక్కను కడిగాను." "కుక్కకు కడిగాను" అంటే "ఏం కడిగావు?" అని అడగాల్సి వస్తుంది. "కుక్కకు కాళ్లు కడిగాను" అంటే మళ్లీ చక్కగా ఉంది.

'చేయించు'లో ఇంకో చిక్కు కూడా ఉంది. ఒకరిచేత పని జరిపించడాన్ని చెప్పే ఈ 'ఇంచు' సంగతి చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో క్రియా పరిచ్ఛేదంలోనే ఉంది. "పిల్లాడి చేత లెక్కలు చేయించాను" అంటే చేసినవాడు పిల్లాడు. "కుక్కకు స్నానం చేయించాను" అన్నప్పుడు కుక్క చేసిందేమీ లేదు, పాపం నిలబడింది అంతే. నడుం వంచింది మీరు. రేపు మీరే నెల్లూరు తీసుకెళ్లి కుక్కల సెలూన్‌లో డబ్బులిచ్చి ఆ పని జరిపించినా "స్నానం చేయించాను" అనే అంటారు. స్వయంగా చేశారో, చేయించుకొచ్చారో ఆ మాటలో తెలియదు. మిగతా రెండు మాటల్లో ఈ తికమక రాదు. కడిగాను, కడిగించాను, పోశాను, పోయించాను: విన్న వెంటనే తేడా తెలుస్తుంది.

నన్నడిగితే మీ అబ్బాయి మాటే అన్నిటికంటే బాగుంది. పసిబిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకుని అమ్మమ్మ చేసేది 'నీళ్లు పోయడం'. బాలింతకు చేసేదీ నీళ్లు పోయడమే. నెల్లూరు వైపు పెద్దవాళ్లు సైతం "నీళ్లు పోసుకుని వస్తా ఉండు" అంటారు. తనంతట తాను చేసుకోలేని ప్రాణికి మనం దగ్గరుండి చేసే సేవకు ఇంతకంటే సరిపోయే మాట లేదు. 'స్నానం' సంస్కృతం కాబట్టి గొప్పదనీ, 'నీళ్లు పోయడం' పల్లెమాటనీ వెనక్కి తగ్గనక్కర్లేదు. ఒంగోలులో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి గారు మాండలిక వృత్తిపదకోశం చేయబూని, రైతుల నోటి మాటలనే ఊరూరా సేకరింపజేసి 1962లో మొదటి సంపుటం తెచ్చారు. పనిచేసే చేతుల దగ్గర పుట్టిన మాటకు ఉన్న విలువ ఆ పుస్తకం చూస్తే తెలుస్తుంది.

ఒకచోట మాత్రం జాగ్రత్త. "కుక్కకు నీళ్లు పోశావా?" అంటే తాగడానికి గిన్నెలో పోశావా అని కూడా అనుకోవచ్చు. తాగే నీళ్లకు "పెట్టావా" అంటే గొడవ ఉండదు. ఇక మీది ఆడకుక్క అయి ఉంటే, "మా కుక్క నీళ్లు పోసుకుంది" అని ఎవరితోనూ అనకండి. పిల్లలు ఎప్పుడు పెడుతుందని అడుగుతారు. 'నీళ్లోసుకోవడం' అంటే కడుపుతో ఉండటం, 'నీళ్లాడటం' అంటే కనడం. రెండూ మన పల్లెల్లో నిత్యం వినబడేవే.

కొందరు ముద్దుగా "కుక్కకు తలంటాం" అంటున్నారు. దాన్ని నేను ఒప్పుకోను. 'అంటడం' అంటే నూనె పట్టించడం. కుక్కకు నూనె రాసేది లేదు, పైగా తల మీద నీళ్లు గుమ్మరించకూడదు. చెవుల్లో దూది పెట్టి, మెడ దగ్గర నుంచి చెంబుతో గోరువెచ్చని నీళ్లు పోసుకుంటూ రావాలి. ముఖం తడిగుడ్డతో తుడిస్తే చాలు. 'దువ్వడం' కూడా నీళ్లు పోయకముందే. చిక్కులు తడిస్తే ఇంకా బిగుసుకుపోతాయి. షాంపూ కుక్కల కోసం చేసినదే వాడండి, మనది దాని చర్మానికి పడదు. చివర నురగంతా పోయేదాకా కడగాలి. మిగిలితే దురద. చూశారా, నీళ్లు పోసేవాళ్లకు కూడా ఆఖర్న 'కడుగు' అవసరమే. అయితే ఇక్కడ కడిగేది కుక్కను కాదు, నురగను.

ఇప్పుడు 'వాడు' సంగతి. వ్యాకరణం ప్రకారం పశుపక్ష్యాదులు అమహత్తులు, అంటే మనుషుల లెక్కలోకి రానివి, కాబట్టి "అది తడిపేసింది" అనాలి. ఆడకుక్కకు ఈ సందేహమే రాదు. "జూలీ వచ్చింది" అంటే మనిషికీ కుక్కకూ ఒకే క్రియ. మగకుక్క దగ్గరే టెన్షన్. నా అభిప్రాయం ఇది: పేరు పెట్టి పిలిచే ప్రాణిని పేరుతో చెప్పినప్పుడు "బ్రూనో తడిపేశాడు" అనడం మాటల్లో తప్పు కాదు. కథల్లో నక్క వస్తుంది గానీ నక్కబావ వస్తాడు కదా. గిత్తల మీద ప్రాణం పెట్టుకున్న రైతులూ "వాడికి దాణా పెట్టినావా?" అంటారు. 'కుక్క' అన్న మాట వాక్యంలో ఉంటే మాత్రం "కుక్క తడిపేసింది" అనే అనాలి. రెండు కుక్కలుంటే 'ఇద్దరు కుక్కలు' అనకూడదు. పరీక్షలో రాసేటప్పుడు మీ అబ్బాయిని 'అది' అనే రాయమనండి.

చివరి ప్రశ్నకు జవాబు: ఉంది. 'విదిలించుకోవడం', 'దులపరించుకోవడం'. "కుక్క ఒళ్లు దులపరించుకుంది" అంటే చాలు, ముక్కు దగ్గర మొదలై తోక కొస దాకా పోయే ఆ ఊపంతా వచ్చేస్తుంది. మీద పడిన నీళ్లను వదిలించుకోవడం గనక 'కొను' తప్పనిసరి. "ఒళ్లు దులపరించింది" అంటే వాక్యం వెలితిగా ఉంటుంది.