బీరువాలోని పాత ఫోను టబ్బుకు మార్చకండి

ప్రశ్న: మాది మహారాష్ట్రలోని సిరోంచ. మా బీరువా తలుపు మూతపడనంతగా నిండిపోయింది. బట్టల ఫొటోలు తీస్తే ఏవి ఉంచుకోవాలో, ఏవి తీసెయ్యాలో చెప్పే మంచి యాప్ ఉందా? చీరల అడుగున దొరికిన రెండు పాడైన ఫోన్లను వీధిలోకి వచ్చినతనికి ఇస్తే ప్లాస్టిక్ టబ్బు ఇచ్చాడు. ఇంకో ఫోను ఉంది. అదీ ఇచ్చెయ్యవచ్చా?

జవాబు: ఇవ్వకండమ్మా.

యాప్ అవసరం లేదు. ఏడాదిగా కట్టని చీర ఏదో మీకంటే యాప్‌కు ఎక్కువ తెలియదు. వాడి తీరాలనుకుంటే ఎంచుకున్న ఫొటోలకే అనుమతి ఇవ్వండి, ఫోనులోని ఫొటోలన్నిటికీ వద్దు.

నాకు దిగులంతా ఆ రెండు ఫోన్ల గురించే. అహేరి, రాజురా, బల్లార్షా, ఎక్కడి నుంచి చూసినా ఇదే ఉత్తరం: పండుగకు బీరువా సర్దాం, పాడైన ఫోనే కదా అని ఇచ్చేశాం. పాడైంది తెర. మీ సమాచారం ఉండేది లోపలి మెమరీ చిప్‌లో. మొన్న నా సొరుగులోని ఒక నల్లబడిన ఫోనుకు వేరే తెర తగిలించి ఛార్జింగ్ పెట్టాను. పది నిమిషాల్లో ఆధార్ కార్డు ఫొటో, బ్యాంకు సందేశాలు, అత్తగారి మందుల చీటీ వరుసగా కనిపించాయి. మెయిల్ పాస్‌వర్డ్ కూడా అడగకుండానే తెరుచుకుంది. నాకు చెమట పట్టింది.

ఇది వట్టి భయం కాదు. గోదావరికి అవతలి ఒడ్డున, గోదావరిఖనిలోనే, 2024లో బిహార్‌కు చెందిన ముగ్గురు దాదాపు 4,000 పాత ఫోన్లతో పోలీసులకు పట్టుబడ్డారు. ఊరూరా తిరిగి కొన్న ఆ ఫోన్లు సైబర్ మోసగాళ్లకు చేరుతున్నాయని పోలీసులు చెప్పారు. వీధిలోకి వచ్చే ప్రతి వ్యాపారీ దొంగ అని నేను అనను. అతని దగ్గర నుంచి ఫోను ఎవరి చేతికి వెళుతుందో మాత్రం అతనికే తెలియదు.

ఇచ్చేసిన వాటి సంగతి ఈ రోజే చూడండి. ఇప్పటి ఫోనులో గూగుల్ ఖాతా తెరిచి, భద్రత విభాగంలోని పరికరాల జాబితా నుంచి ఆ రెండింటినీ తొలగించి, పాస్‌వర్డ్ మార్చండి. వాటిలో సిమ్ ఉండిపోయిందా? ఉంటే వెంటనే ఆపించండి. ఆ నంబరు బ్యాంకుకు జోడించి ఉంటే బ్యాంకులో కూడా మార్పించండి. వాడకుండా వదిలేసి రద్దయిన నంబరును 90 రోజుల తరువాత కంపెనీ వేరొకరికి ఇవ్వవచ్చు. మీ ఓటీపీ వారికి వెళుతుంది. డబ్బు పోయిందని తెలిస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

మూడో ఫోను వెలుగుతుంటే ముందు 2022 ప్రాణహిత పుష్కరాల ఫొటోల వంటివి దాచుకోండి. తరువాత ఖాతా తొలగించి, ఫ్యాక్టరీ రీసెట్ (ఫోనులోని సమాచారమంతా చెరిపేసే ఏర్పాటు) చేయండి. ఇటీవలి ఫోన్లలో సమాచారం తాళం వేసినట్టు సంకేతరూపంలో ఉంటుంది. రీసెట్‌తో ఆ తాళంచెవి పోతుంది, ఇక ఎవరూ చదవలేరు. బాగా పాత ఫోన్లకు ఆ రక్షణ ఉండకపోవచ్చు, వాటిని అసలు ఎవరికీ ఇవ్వవద్దు. బ్యాటరీ ఉబ్బి ఉంటే ఛార్జింగ్ పెట్టకండి, నొక్కకండి, చీరల మధ్య ఉంచకండి. అంటుకుంటే బీరువా మొత్తం పోతుంది.

నా కోపం తయారీదారుల మీద. కొత్త ఫోను తెరవగానే ఖాతా అడుగుతారు, ముఖం అడుగుతారు, వేలిముద్ర అడుగుతారు. ఫోనును వదిలించుకునే రోజున చెరిపేసే మీట మాత్రం మూడు నాలుగు మెనూల అడుగున, అర్థంకాని పేరుతో ఉంటుంది. మరాఠీలో మొదలై సగంలో ఇంగ్లిషులోకి మారే ఆ పేజీలో సిరోంచ గృహిణి ఏమి వెతుక్కోవాలి? ఫోను ఆపే మీట పక్కనే, ఆమె చదివే భాషలో, ‘ఈ ఫోను ఇచ్చేస్తున్నాను’ అన్న మాట ఒకటి ఉంటే చాలు. చాలా ఫోన్లకు రెండు మూడేళ్లకే అప్‌డేట్లు ఆపేసి వాటిని బీరువా పాలు చేస్తున్నదీ వీరే.

మూడో ఫోను సిమ్ ట్రే ఒకసారి తెరిచి చూడండి. మెమరీ కార్డు కూడా అక్కడే ఉండవచ్చు.