ఐన్‌స్టీన్ సమీకరణాల్లోంచి న్యూటన్ నిజంగానే వస్తాడా?

"కాంతి వేగాన్ని అనంతం అనుకుంటే సాధారణ సాపేక్షత న్యూటన్ సిద్ధాంతంగా మారిపోతుందంటారు, దీనికి నిరూపణ ఉందా?" అని అడిగారు. ఉంది. కానీ పాఠ్యపుస్తకాల్లో రెండు లైన్లలో తేల్చేసేది మాత్రం నిరూపణ కాదు.

మా ఎమ్మెస్సీ క్లాసులో సారు బోర్డు మీద సమీకరణం రాసి, హారంలో సి స్క్వేర్ (సి అంటే కాంతి వేగం) ఉన్న పదాలన్నీ డస్టర్‌తో తుడిచేశారు. "చిన్నవి, వదిలేయండి" అన్నారు. వెనక బెంచీలోంచి మా ఫ్రెండ్ లేచి, "పదం చిన్నదైతే దాని డెరివేటివ్ కూడా చిన్నదేనా సార్?" అన్నాడు. అడిగి ఊరుకోలేదు, బోర్డు దగ్గరికెళ్లి ఎప్సిలాన్ ఇంటూ సైన్ ఆఫ్ ఎక్స్ బై ఎప్సిలాన్ అని రాశాడు. ఎప్సిలాన్ 0.01 అయితే ఆ అల ఎత్తు 0.01 దాటదు. దాని వాలు, అంటే డెరివేటివ్, మాత్రం 1కీ -1కీ మధ్య ఊగుతూనే ఉంటుంది. సారు కాసేపు దాన్నే చూసి, "సిలబస్‌లో లేదు, కూర్చో" అన్నారు. ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ బాధే. అలాంటి ప్రశ్న వేసే పిల్లాణ్ణి కూర్చోబెడితే మనకు గణితజ్ఞులు ఎక్కణ్ణుంచి వస్తారు?

వాడు పట్టుకున్నదే అసలు చిక్కు. ఐన్‌స్టీన్ దగ్గర గురుత్వం కాంతి వేగంతో అలలుగా పాకుతుంది, న్యూటన్ దగ్గర అలలే లేవు. అంటే కాంతి వేగాన్ని అనంతానికి తీసుకెళ్లే లిమిట్‌లో సమీకరణం జాతే మారిపోతోంది. ఖగోళ భౌతిక శాస్త్రవేత్త సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ 1965లో ప్రవాహులకు (వాయువుల్లా పారే పదార్థానికి) సాపేక్షతా సవరణలు లెక్కకట్టారు. గొప్ప పని, కానీ అసలు పరిష్కారానికి అది ఎంత దగ్గరో ఆ లెక్క చెప్పదు.

నక్షత్రాన్ని ప్రవాహిగా లెక్కిస్తే ఇంకో తలనొప్పి. అంచు దగ్గర సాంద్రతా, ధ్వని వేగమూ సున్నా అయిపోయి మామూలు పద్ధతులు చేతులెత్తేస్తాయి. 1986లో జపాన్ గణితజ్ఞుడు మకినో సాంద్రతకు బదులు వేరే చలరాశి పెట్టి ఆ గండం దాటాడు. 2007లో గణితజ్ఞుడు టాడ్ ఒలీనిక్ పరిపూర్ణ ప్రవాహికి (జిగట లేని ప్రవాహికి) ఆ నిరూపణ పూర్తిచేశాడు. కాంతి వేగంతో పోలిస్తే ప్రవాహి ఎంత నెమ్మదిగా కదిలినా కుంచించుకుపోని కాలవ్యవధిలో, ఐన్‌స్టీన్-ఆయిలర్ సమీకరణాల (గురుత్వాన్నీ ప్రవాహి కదలికనీ కలిపి చెప్పేవి) ఒక తరగతి పరిష్కారాలు న్యూటన్ పరిష్కారాలను చేరతాయని చూపించాడు. ఆయన అంచనాల్లో డెరివేటివ్‌లు కూడా అదుపులో ఉంటాయి. మావాడు అడిగింది సరిగ్గా ఇదే.

ఒక్క లోటుంది. మకినో చలరాశితో వచ్చే పరిష్కారాల్లో పీడనం అంచును నెట్టదు, అంచు స్వేచ్ఛగా పడిపోతూ ఉంటుంది. పీడనమూ గురుత్వమూ తూగి నిలకడగా ఉండే సూర్యుడిలాంటి గ్యాసు గోళం అందులో ఇమడదు. బ్లాక్ హోల్ వీడియోలు తీసేవాళ్లు ఈ అంచు గురించి ఒక్కటైనా తీయాలి, నా దృష్టిలో అంతకన్నా ఆసక్తికరమైన సమస్య ఇదే.