ఫస్ట్ ర్యాంకు వాణ్ణి బోర్డు దగ్గరికి చివర్లో పిలువు

తమ్ముడూ,

ఎనిమిదో తరగతికి ఒకటికి మించి జవాబులున్న లెక్క ఇస్తే ముందు బెంచీ వాళ్లు రెండు నిమిషాల్లో ముగించేస్తున్నారు, వెనక బెంచీ వాళ్లు పెన్నే తీయట్లేదు అని రాశావు. నేనూ మొదట్లో ఇదే చూసి, ఇవి తెలివైన పిల్లలకే పనికొస్తాయనుకుని కొన్నేళ్లు మానేశాను. తప్పు నాదే, సూత్రం బోర్డు మీద రాసేసి ఆ తర్వాత లెక్క ఇచ్చేవాణ్ణి. ఇంక వాళ్లు ఆలోచించడానికి ఏం మిగిలింది?

నేను ఎక్కువగా వాడింది ఒకే లెక్క. 24 అగ్గిపుల్లలు అన్నీ వాడి దీర్ఘచతురస్రాకారంలో దడి కట్టాలి. ఎన్ని రకాలుగా కట్టొచ్చు, దేనిలో ఎక్కువ స్థలం ఉంటుంది?

ఫస్ట్ ర్యాంకర్ పొడవు 6, వెడల్పు 6 వేసి 36 అని రాసి నోట్సు మూసేస్తాడు. వాడికి రాక కాదు, ఇన్నేళ్లూ ఒక్క జవాబుకే టిక్కు పడింది కాబట్టి రెండోది వెతికే అలవాటే లేదు. మధ్యస్థంగా చదివేవాళ్లు 1, 11 నుంచి మొదలెట్టి 11, 1 దాకా వరసగా పట్టిక వేసి పదకొండు అంటారు. 2, 10 తర్వాత మళ్లీ 10, 2 ఎందుకని పక్కవాడు గొడవ పెట్టుకుంటాడు, పెట్టుకోనీ. ఆరే ఉన్నాయని వాళ్లే తేల్చుకుంటారు.

వెనక బెంచీలో 4, 6 అని రాస్తారు, నాలుగార్లు ఇరవై నాలుగే కదా సార్ అని. తప్పని ఇంటూ కొట్టకు, పుల్లలు పేర్చమను. ఒక అమ్మాయి అలాగే పేర్చింది, నాలుగు పుల్లలు మిగిలాయి, వాటిని అరచేతిలో పెట్టుకుని కాసేపు చూసి ఒక్కో వైపుకి ఒక్కోటి చేర్చింది. 5, 7 అయింది. తర్వాత పొడుగు వైపుల నుంచి ఒక్కోటి తీసి పొట్టి వైపుల్లో పెట్టి, "సార్, లోపల ఒక గడి పెరిగింది" అంది. 35 కాస్తా 36! చతురస్రానికి దగ్గరయ్యేకొద్దీ చోటు ఎందుకు పెరుగుతుందో మా ఫస్ట్ ర్యాంకర్ చెప్పలేకపోయాడు, ఈ పిల్ల చేతులతో చూపించింది.

అందుకే బోర్డు దగ్గరికి ముందు వెనక వాళ్లని పిలువు, అందరి పద్ధతులూ పక్కపక్కన చెరపకుండా ఉంచు. జపాన్ టీచర్లు 1970ల నుంచే ఇలాంటి లెక్కల మీద పనిచేశారు, బోర్డు నిండా పిల్లల పద్ధతులే ఉంచడం వాళ్లకి మామూలు. ర్యాంకర్‌ని మాత్రం ఊరికే వదలకు. ఇంతకు మించి లేవని ఎలా నమ్మాలి? పుల్ల విరగ్గొడితే? (5.5, 6.5 వేసి 35.75 దగ్గర ఆగిపోతాడు, మొహం చూడాలి.) ఒక వైపు గోడ ఉండి అటు పుల్లలు అక్కర్లేకపోతే? అక్కడ 12, 6తో 72 వస్తుంది, చతురస్రం అన్న నమ్మకం పోతుంది.

మొదటి పది నిమిషాలు గ్రూపులు వద్దు, పెడితే లీడర్ రాస్తాడు, మిగతావాళ్లు చూసి ఎక్కిస్తారు. మార్కులు అసలు వేయకు. సిలబస్ టెన్షన్ ఉంటుంది కాబట్టి నెలకి రెండు చాలు.

అన్నట్టు, అగ్గిపుల్లల మందు ముందే గీకేసి ఇవ్వు. నేను ఒకసారి మర్చిపోయాను, ఆ రోజు హెడ్మాస్టర్ గారు క్లాసు బయట నిలబడి చాలాసేపు మాట్లాడారు.